పండుగ చీర, సూరత్ సరుకు: ప్రభుత్వానికి కొనడం ఎప్పుడు తెలుస్తుంది?

2017 సెప్టెంబరు మూడో వారం. బతుకమ్మ పండుగ ముంగిట తెలంగాణ ప్రభుత్వం తొలిసారిగా కోటి మందికి పైగా ఆడపడుచులకు చీరలు పంచడం మొదలుపెట్టింది. ఖర్చు సుమారు 222 కోట్ల రూపాయలు. పంపిణీ ప్రారంభమైన రోజే పలు ఊళ్ళలో మహిళలు ఆ చీరలను నడివీధిలో కుప్పపోసి నిప్పంటించారు. చేనేత చీర వస్తుందని ఎదురుచూసిన చేతుల్లోకి పలుచని పాలిస్టర్ చీర వచ్చిందన్నది వారి ఆగ్రహం. ఇది ప్రతిపక్షాల ప్రేరణ అని ప్రభుత్వం అన్నది. ప్రజాధనంతో నాసిరకం సరుకు కొన్నారని ప్రతిపక్షాలు అన్నాయి. ఆ గొడవలో ఒక ఊరి పేరు తెలంగాణలో ఇంటింటా వినిపించింది. ఆ ఊరు సూరత్.

సిరిసిల్ల నేతన్నకు పని కల్పించే పథకంగా ప్రచారమైన ఆ పంపిణీలో గణనీయమైన భాగం గుజరాత్‌లోని సూరత్ నుంచి వచ్చిందన్న సంగతి ప్రభుత్వమే ఒప్పుకున్నది. వ్యవధి చాలలేదని, సిరిసిల్ల సాంచాలు అంత తక్కువ కాలంలో అన్ని చీరలు నేయలేవని, అందుకే మిగిలిన వాటికి టెండరు పిలవవలసి వచ్చిందని నాటి మంత్రులు వివరించారు. ఆ వివరణలో అబద్ధం లేదు. అయితే అందులోనే అసలు నేరాంగీకారమూ ఉంది. బతుకమ్మ ఏ నెలలో వస్తుందో తెలియనిది కాదు. సిరిసిల్లలో ఎన్ని సాంచాలున్నాయో తెలియనిది కాదు. కోటి చీరలకు ఎన్ని మీటర్ల బట్ట కావాలో లెక్క కట్టలేనిదీ కాదు. తెలిసిన సంగతులన్నీ ఒకచోట పెట్టుకొని, సకాలంలో నిర్ణయం తీసుకొని, నికరమైన ప్రమాణం రాసి, సరుకు పరీక్షించి, వేళకు డబ్బు చెల్లించే యంత్రాంగం మాత్రం ప్రభుత్వం దగ్గర లేదు.

ఆ చీరల మంటలు ఆరిపోయాయి. కాని రాజకీయ చర్చ నేటికీ ‘ఎవరి చీర?’ అన్న ప్రశ్న దగ్గరే నిలిచిపోయింది. అడగవలసిన ప్రశ్న వేరు. ప్రభుత్వం తరఫున కొనేదెవరు? ఎప్పుడు కొంటారు? ఏ కొలతతో కొంటారు? ఎన్నాళ్ళకు చెల్లిస్తారు?

ఒక చిన్న లెక్క ఈ ప్రశ్నల బరువును చూపుతుంది. చీర, రవిక కలిపి ఆరు మీటర్ల పైచిలుకు అనుకుంటే కోటి చీరలకు ఆరు కోట్ల మీటర్లకు మించిన బట్ట కావాలి. సిరిసిల్లలో పాతిక వేలకు పైగా మరమగ్గాలున్నాయని చెబుతారు. వాటిలో పది వేలు ఈ ఒక్క పనికే కేటాయించి, ఒక్కొక్కటి రోజుకు 50 మీటర్లు నేస్తుందని భావించినా రోజుకు ఐదు లక్షల మీటర్లు. అంటే ఏకధాటిగా నాలుగు నెలల నేత. దానికి ముందు నూలు రావాలి, పడుగు పోయాలి, బీములు ఎక్కించాలి. దాని తర్వాత రంగు అద్దాలి, కత్తిరించాలి, మడత పెట్టాలి, జిల్లాలకు చేర్చాలి. ఆశ్వయుజంలో పండుగ అంటే ఉగాది నాటికే ఆర్డరు చేతిలో పడాలి. ఆర్డరు ఆషాఢంలో వస్తే సిరిసిల్ల సహజంగానే ఓడిపోతుంది. గెలిచేది గోదాముల్లో నిల్వ ఉన్నవాడు.

నిల్వ ఉన్నవాడు సూరత్ వర్తకుడు. దేశంలో కృత్రిమ నూలు వస్త్రానికి సూరత్‌ను మించిన కేంద్రం లేదు. అక్కడ మగ్గాలు లక్షల్లో ఉన్నాయి. పాండేసరా, సచిన్ పారిశ్రామిక వాడల్లో రంగుల మిల్లులున్నాయి. రింగ్ రోడ్డు వెంబడి బహుళ అంతస్తుల బట్టల మార్కెట్లున్నాయి. నూలు దగ్గరలోనే దొరుకుతుంది. సిరిసిల్ల సాంచా మీదికెక్కే పాలిస్టర్ నూలు కూడా చాలావరకు ఆ దిక్కు నుంచే వస్తుంది. ఆలస్యంగా మేల్కొని, తక్కువ ధరే ఏకైక గీటురాయిగా టెండరు పిలిచే కొనుగోలుదారు ఎవరైనా చివరికి చేరేది ఆ మార్కెట్ గుమ్మానికే. ఇందులో సూరత్ చేసిన తప్పేమీ లేదు. అది అడిగిన ధరకు అడిగిన సరుకు ఇచ్చింది. ఏమి అడగాలో తెలియనిది కొన్నవాడికి.

ఈ కథలో తెలుగు పాఠకుడు గమనించవలసిన మరో మలుపు ఉంది. సూరత్ అంటే పరాయి ఊరు కాదు. లింబాయత్, ఉధనా వంటి పేటల్లో వరంగల్, నల్లగొండ, కరీంనగర్ ప్రాంతాల నుంచి వలస వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా నివసిస్తున్నాయి. సూరత్ నగరపాలక సంస్థ పరిధిలోని ప్రాథమిక విద్యా సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా బడులతో పాటు తెలుగు బడులు కూడా నడిపిందంటే ఆ జనాభా ఎంతటిదో ఊహించవచ్చు. సొంత ఊళ్ళో మగ్గం ఆడక, షోలాపూర్‌కో భీవండికో సూరత్‌కో బండి ఎక్కిన నేతగాళ్ళ సంతతి వారు. 2017లో వచ్చిన సూరత్ చీరల్లో కొన్ని అటువంటి చేతుల మీదుగానే వచ్చి ఉండవచ్చు. సిరిసిల్లలో ఉన్న అన్నకు పని దక్కలేదు. సూరత్‌లో ఉన్న తమ్ముడు నేసిన బట్టకు గౌరవం దక్కలేదు. ప్రభుత్వం డబ్బు ఇద్దరి మధ్య నుంచి జారిపోయింది.

ఆ అవమానం తర్వాత ప్రభుత్వం దిద్దుబాటు చేసుకున్నది. 2018 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్ల మరమగ్గాలకే ఇవ్వడం మొదలైంది. చేనేత సహకార సంఘాల శిఖరాగ్ర సంస్థ అయిన టెస్కో నోడల్ సంస్థగా వ్యవహరించింది. కొన్నేళ్ళలోనే వార్షిక వ్యయం 300 కోట్ల రూపాయలు దాటింది. రంగులు, అంచులు, డిజైన్లు పెరిగాయి. దీనికి బడి పిల్లల యూనిఫాం బట్ట తోడైంది. ఒకప్పుడు ఆత్మహత్యల వార్తలతోనే పత్రికలకెక్కిన ఊళ్ళో ఏడాదిలో చాలా నెలలు సాంచాల చప్పుడు వినిపించింది. కార్మికుడి కూలీ పెరిగింది. ఆసాములు అప్పు తెచ్చి సాంచాలను మెరుగుపరచుకున్నారు. కేంద్రీకృత కొనుగోలుకు ఉన్న శక్తి ఇది. చెదురుమదురుగా వంద శాఖలు కొనే బట్టను ఒక్క చేతితో కొంటే ఒక పట్టణం బతుకే మారుతుంది.

కాని అదే చేయి వెనక్కి వెళితే?

2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. బతుకమ్మ చీరల పథకం ఆగిపోయింది. పాత బకాయిలు పేరుకుపోయాయి. కొత్త ఆర్డర్లు లేవు. 2024 జనవరిలో సిరిసిల్ల కార్ఖానాలు మూతపడ్డాయి. సేట్లు నూలు ఇవ్వడం ఆపారు, ఆసాములు సాంచాలు ఆపారు, కార్మికులు ఇళ్ళలో కూర్చున్నారు. వార్పిన్, వైపని చేసే వారి సంగతి చెప్పనక్కరలేదు. ఆ ఏడాది ఆ పట్టణం నుంచి మళ్ళీ చావు వార్తలు వచ్చాయి. చెల్లించవలసింది ఎవరి హయాంలోని బకాయి అన్న వాదులాటలో ఉభయ పక్షాలూ ఉత్సాహంగా పాల్గొన్నాయి. ఆ వాదులాటకు విలువ లేదు. బిల్లు ప్రభుత్వం పేర ఉంటుంది, పార్టీ పేర ఉండదు.

తర్వాత కొత్త ప్రభుత్వమూ దారికి వచ్చింది. పాత బకాయిల చెల్లింపు మొదలుపెట్టింది. ప్రభుత్వ శాఖలు తమకు కావలసిన వస్త్రాలను టెస్కో ద్వారానే కొనాలని 2024లో ఆదేశించింది. వేములవాడలో నూలు డిపోకు పూనుకున్నది. స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇందిరా మహిళా శక్తి చీరల పేరిట మళ్ళీ సిరిసిల్లకు భారీ ఆర్డరు ఇచ్చింది. పథకం పేరు మారింది, రంగు మారింది, లబ్ధిదారుల జాబితా మారింది. మారనిది ఒక్కటే: వ్యవధి. 2025 బతుకమ్మ నాటికి అందుతాయనుకున్న చీరల పంపిణీ చివరికి నవంబరు 19న, ఇందిరాగాంధీ జయంతి నాడు మొదలైంది. రెండు వేర్వేరు పార్టీలు, రెండు వేర్వేరు పథకాలు, ఒకే వైఫల్యం. లోపం మనుషుల్లో కాక అమరికలో ఉందనడానికి ఇంతకన్న నిదర్శనం అవసరం లేదు.

ఆ అమరిక లోపం తెలంగాణకే పరిమితం కాదు. 2017లోనే, బతుకమ్మ చీరల రభస జరిగిన కొద్ది వారాలకు, ఢిల్లీలో ఒక పాత కార్యాలయం తలుపులు మూతపడ్డాయి. 1922లో ఏర్పడిన ఇండియన్ స్టోర్స్ డిపార్ట్‌మెంట్‌కు వారసురాలిగా, స్వాతంత్ర్యానంతరం కేంద్ర ప్రభుత్వపు ప్రధాన కొనుగోలు సంస్థగా నిలిచిన సరఫరాలు, విక్రయాల డైరెక్టరేట్ జనరల్‌ను 2017 అక్టోబరు 31న రద్దు చేశారు. దాని స్థానంలో అంతకు ముందు ఏడాది ఆగస్టులో ఆరంభించిన గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్, అంటే జెమ్, నిలిచింది. 2017 నాటి సాధారణ ఆర్థిక నిబంధనలు కేంద్ర శాఖలకు జెమ్ ద్వారా కొనుగోలును తప్పనిసరి చేశాయి. 2024-25లో ఆ వేదిక మీద జరిగిన కొనుగోళ్ళ విలువ ఐదు లక్షల కోట్ల రూపాయలు దాటింది. గుమాస్తా బల్ల మీద ఫైలు కదలడానికి ముడుపు చెల్లించిన కాలంతో పోలిస్తే ఇది మెరుగే. లక్షన్నర మంది దాకా నేత కార్మికులను, నేత సంస్థలను అమ్మకందారులుగా అందులో నమోదు చేశామని కేంద్రం చెప్పుకున్నది.

అయినా వేదిక వేరు, సంస్థ వేరు. వేదిక కొనేవాణ్ణి, అమ్మేవాణ్ణి కలుపుతుంది. కొనేవాడికి ఏమి కావాలో అది చెప్పదు. చీర బరువు ఎంత ఉండాలి, నూలు డెనియర్ ఎంత, అంగుళానికి ఎన్ని పోగులు, రెండు ఉతుకులకు రంగు నిలుస్తుందా, ఈ సంగతులు తెలిసిన మనిషి వేదికలో ఉండడు, కార్యాలయంలో ఉండాలి. పాత డైరెక్టరేట్‌లో జాప్యమూ అవినీతీ లేవని ఎవరూ అనరు. కాని అక్కడ సరుకు తనిఖీ తెలిసిన ఉద్యోగులుండేవారు. రేటు కాంట్రాక్టులు రాసిన అనుభవముండేది. దానిని సంస్కరించవలసిన చోట మూసివేశారు.

దక్షిణ కొరియా ఇందుకు భిన్నమైన దారి పట్టింది. 1949లో విదేశీ సహాయ సరుకుల నిర్వహణకు పుట్టిన చిన్న కార్యాలయం క్రమంగా దేశపు కేంద్ర కొనుగోలు సంస్థగా ఎదిగింది. అర్ధ శతాబ్దపు అనుభవం కూడిన తర్వాత, 2002లో ఆ సంస్థే దేశవ్యాప్త ఆన్‌లైన్ వేదికను నిర్మించింది. అక్కడ ముందు సంస్థ, తర్వాత వేదిక. ఇక్కడ వేదిక రాగానే సంస్థకు వీడ్కోలు.

చట్టం సంగతి మరీ విడ్డూరం. ప్రభుత్వాల, ప్రభుత్వ రంగ సంస్థల కొనుగోళ్ళు జాతీయోత్పత్తిలో ఐదో వంతు దాకా ఉంటాయని సాధారణ అంచనా. అంత డబ్బు ఖర్చయ్యే వ్యవహారానికి దేశంలో కేంద్ర చట్టం లేదు. 2012 మే నెలలో లోక్‌సభలో ప్రవేశపెట్టిన ప్రజా కొనుగోళ్ళ బిల్లు 2014లో ఆ సభతో పాటే మురిగిపోయింది. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు నిబంధనలతో, మార్గదర్శకాలతో సరిపెట్టాయి. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో, రాజస్థాన్ 2012లో తమ సొంత చట్టాలు చేసుకున్నాయి. తెలంగాణలో అటువంటి సమగ్ర చట్టం లేదు. చట్టం లేనిచోట ప్రతి ఉత్తర్వూ ఒక ప్రభుత్వపు ఇష్టం, తర్వాతి ప్రభుత్వపు అయిష్టం.

కొనుగోలు సంస్థను సరిగ్గా కట్టడం సాధ్యమేనా అన్న సందేహానికి పొరుగు రాష్ట్రమే సమాధానం. తమిళనాడు వైద్య సేవల సంస్థ 1994లో ఏర్పడి, మరుసటి ఏడాది నుంచి ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొనడం ప్రారంభించింది. అది చేసిన పనుల్లో అద్భుతమేమీ లేదు. అవసరమైన మందుల జాబితా ముందే నిర్ణయించింది. జిల్లాల్లో గోదాములు కట్టింది. ప్రతి ఆసుపత్రికీ ఒక పాస్‌బుక్ ఇచ్చి, ఆ మొత్తం మేరకు ఏ మందు ఎంత కావాలో ఆసుపత్రినే తీసుకోమన్నది. వచ్చిన సరుకు నమూనాలను, తయారీదారు పేరు తెలియకుండా, ప్రయోగశాలలకు పంపింది. తప్పిన వారిని నల్లజాబితాలో పెట్టింది. ఇందులో కీలకం ఏమిటంటే, ధర, ప్రమాణం, పరీక్ష, చెల్లింపు కేంద్రం చేతిలో ఉన్నాయి. ఏది ఎంత కావాలన్న నిర్ణయం మాత్రం వాడేవాడి చేతిలోనే ఉంది. కేంద్రీకరణ అంటే అన్నీ రాజధానికి లాగుకోవడం కాదని ఆ పాస్‌బుక్ చెబుతుంది. కేరళ, రాజస్థాన్ తదితర రాష్ట్రాలు ఆ బాటలో వైద్య కొనుగోళ్ళ సంస్థలు పెట్టుకున్నాయి.

వస్త్రం విషయంలోనూ తమిళనాడుకు ఒక పాఠం ఉంది. పొంగలికి పేదలకు ఉచిత పంచె, చీర ఇచ్చే పథకం 1983లో ఎం.జి.ఆర్. హయాంలో మొదలైంది. రెండు ద్రావిడ పార్టీలూ అధికారంలోకి వచ్చాయి, పోయాయి, పథకం మిగిలింది. 1935 నుంచి ఉన్న కో-ఆప్‌టెక్స్ వంటి సహకార సంస్థ, దాని వెనుక నేత సంఘాల వలయం ఉండబట్టే అది సాధ్యమైంది. అక్కడా నాణ్యత ఫిర్యాదులు, ఆలస్యాలు లేకపోలేదు. కాని ముఖ్యమంత్రి మారితే మగ్గం ఆగిపోతుందన్న భయం అక్కడి నేతగాడికి సిరిసిల్ల నేతగాడికి ఉన్నంత లేదు.

ఇక చెల్లింపు. సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి సరుకు తీసుకున్నవారు 45 రోజులకు మించకుండా డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. మించితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. చాలాకాలం ఆ నిబంధన కాగితం మీదే ఉండిపోయింది. 2023 ఆర్థిక చట్టం ఆదాయపు పన్ను చట్టంలో కొత్త క్లాజు చేర్చి దానికి కోరలు తొడిగింది. గడువులోగా చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడం కుదరదన్నది. 2024 ఏప్రిల్‌లో అమలులోకి రాబోతోందనగా సూరత్ మార్కెట్‌లో కలకలం రేగింది. నెలల తరబడి అరువు మీద నడిచే బట్టల వ్యాపారంలో 45 రోజుల గడువు అసాధ్యమని వర్తకులు మొరపెట్టుకున్నారు. చిన్న నేతగాళ్ళ నుంచి కొనడం మానేస్తామని కొందరు హెచ్చరించారు కూడా.

సూరత్ వర్తకుడిని 45 రోజుల్లో చెల్లించమనడం న్యాయమే. కాని ఆ మాట చెప్పే ప్రభుత్వాలు తమ సొంత బాకీల దగ్గర ఎక్కడున్నాయి? ప్రభుత్వ శాఖకు ఆదాయపు పన్ను లేదు కనుక ఆ కోరలు దానికి తగలవు. వడ్డీ నిబంధన ప్రభుత్వ కొనుగోలుదారుకూ వర్తించేదే. అయితే మరుసటి ఏడాది ఆర్డరు కూడా ఆ చేతి నుంచే రావలసిన ఆసామి, ఆ చేతి మీద ఫిర్యాదు చేయగలడా? ప్రైవేటు కొనుగోలుదారు మోసం చేస్తే నేతగాడు మరొకరి దగ్గరికి పోతాడు. ఉన్న ఒక్క కొనుగోలుదారూ ప్రభుత్వమే అయినప్పుడు అతడికి పోవడానికి చోటు లేదు.

ఒకే కొనుగోలుదారు అనే ఈ ప్రమాదం సూరత్‌కు కొత్త కాదు. పదిహేడో శతాబ్ది తొలినాళ్ళలోనే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ కొఠీ తెరిచింది. డచ్చివారు, ఇతర వర్తకులు పోటీలో ఉన్నంత కాలం నేతగాడికి బేరమాడే వీలుండేది. పద్దెనిమిదో శతాబ్ది చివరికి రాజ్యాధికారం కంపెనీ చేతుల్లోకి వచ్చేకొద్దీ ఆ వీలు అడుగంటింది. గోదావరి తీరాన ఇంజరం వంటి కంపెనీ కొఠీల కింద నేసిన తెలుగు నేతగాళ్ళదీ అదే అనుభవం. బయానా ఇచ్చినవాడే ధర నిర్ణయించాడు, వాడే నాణ్యత నిర్ణయించాడు, వాడే శిక్ష నిర్ణయించాడు. ప్రజాస్వామ్య ప్రభుత్వాన్ని కంపెనీతో సమానం చేయడం అన్యాయం. కాని కొనేవాడూ, కొలిచేవాడూ, తీర్పు చెప్పేవాడూ ఒక్కడే అయితే ఏమవుతుందో ఆ చరిత్ర ముందే చెప్పింది. కేంద్రీకృత కొనుగోలును వ్యతిరేకించేవారి వాదనలో బలమంతా ఇక్కడే ఉంది. వంద చిన్న అవినీతుల స్థానంలో ఒక పెద్ద అవినీతి వస్తుందని, చిన్న అమ్మకందారులు మాయమై ఇద్దరు ముగ్గురు పెద్ద కాంట్రాక్టర్లు మిగులుతారని వారు అంటారు. ఆ భయం నిరాధారం కాదు.

అందుకు విరుగుడు కేంద్రీకరణను వదులుకోవడం కాదు. దానికి కట్టుబాట్లు వేయడం. తెలంగాణలో, ఆ మాటకొస్తే ఆంధ్రప్రదేశ్‌లో కూడా, కొనుగోలు సంస్థ శాసనసభ చేసిన చట్టం మీద నిలబడాలి. ఏ ప్రభుత్వ ఉత్తర్వూ రాత్రికి రాత్రి దాన్ని మూయలేకుండా ఉండాలి. ప్రతి ఏటా ఉగాది లోపల ఆ ఏడాది యూనిఫాంలు, దుప్పట్లు, ఆసుపత్రి బట్టలు, పండుగ చీరలు అన్నింటి పరిమాణాన్ని ప్రకటించాలి. అంచనా బడ్జెట్‌తో పాటే సభ ముందుకు రావాలి. ఆర్డరు మూడేళ్ళకు కలిపి ఇస్తే ఆసామి కొత్త సాంచా కొనడానికి బ్యాంకు అప్పు ఇస్తుంది. నాలుగు నెలల ఆర్డరు మీద ఏ బ్యాంకూ నమ్మకం పెట్టదు.

ప్రమాణం తెలుగులో రాయాలి. చీర తీసుకునే మహిళకూ అర్థం కావాలి. చేనేతకు చేనేత అని, మరమగ్గానికి మరమగ్గం అని, పాలిస్టర్‌కు పాలిస్టర్ అని చీర మీదే ముద్ర ఉండాలి. 2017లో మంటకు మొదటి నిప్పురవ్వ నాసిరకం కన్నా ముందు ఈ అస్పష్టతే. చేనేత అనుకొని వచ్చినవారికి మిల్లు బట్ట కనిపిస్తే, మంచి మిల్లు బట్ట అయినా మోసంలాగే తోస్తుంది. పరీక్ష కొనుగోలు సంస్థ చేతిలో కాక బయటి ప్రయోగశాలల్లో జరగాలి. కృత్రిమ నూలు వస్త్రాల పరిశోధనకు సూరత్‌లోనే ‘మంత్ర’ అనే సంస్థ ఉంది. సూరత్ నుంచి చీర తెచ్చుకోగలిగిన ప్రభుత్వం, ఆ ఊరి పరీక్షా విధానాన్ని మాత్రం ఎందుకు తెచ్చుకోలేదన్నది న్యాయమైన ప్రశ్న.

చెల్లింపులకు ప్రత్యేక ఖాతా ఉండాలి. ఆర్డరు ఇచ్చిన రోజే దాని మొత్తం ఆ ఖాతాలో పడాలి. 45వ రోజు దాటితే వడ్డీ ఎవరూ అడగకుండానే జమ కావాలి. ఏ బిల్లు ఎన్ని రోజులుగా పెండింగులో ఉందో ప్రతి నెలా బహిరంగపరచాలి. ఫిర్యాదు వినేది కొనుగోలు సంస్థ కాకూడదు. అందుకు వేరే అధికారి ఉండాలి. కేంద్ర విధానం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి 25 శాతం కొనుగోళ్ళు జరపమంటున్నది. ఆ వాటాలో సాంచా ఉన్న ఆసామికి, సహకార సంఘానికి నేరుగా ఎంత చేరిందో, నూలు సేట్ల దగ్గర, మధ్యవర్తుల దగ్గర ఎంత ఆగిందో విడివిడిగా చూపాలి.

ఒక ఇబ్బందికరమైన విషయం కూడా ఒప్పుకోక తప్పదు. సిరిసిల్ల శాశ్వతంగా ప్రభుత్వపు చీర మీదే బతకలేదు, బతకకూడదు. ప్రభుత్వపు ఆర్డరు నడక నేర్పే చేతికర్ర కావాలి, జీవితాంతపు ఊతకర్ర కాకూడదు. బయటి మార్కెట్‌లో సూరత్‌తో పోటీ పడగల డిజైను, అద్దకం, నూలు ధర సిరిసిల్లకు దొరికేదాకా ఆ చేతికర్ర అవసరం. కొనుగోలు సంస్థ తన ఆర్డర్ల వాటాను ఏటేటా ఎలా తగ్గించుకుంటుందో, ఆ ఖాళీలోకి బయటి ఆర్డర్లు ఎలా వస్తాయో కూడా ప్రణాళికలో ఉండాలి. ఇది రాజకీయ నాయకులకు రుచించదు. కృతజ్ఞత తగ్గిపోతుంది కదా! పంచే చీర మీద ఎవరి పేరు ఉండాలన్న విషయంలో ఉన్న శ్రద్ధ, దాని పోగుల లెక్క మీద లేకపోవడానికి కారణం అదే.

2017లో సూరత్ చీరను కాల్చిన మహిళ కోపం న్యాయమైనదే. 2024లో సాంచా ఆగిపోయిన సిరిసిల్ల కార్మికుడి కోపమూ న్యాయమైనదే. ఆ రెండు కోపాలూ పక్కపక్కన నిలబడి ఒకే గుమ్మాన్ని తట్టవలసి ఉండగా, ఏడేళ్ళుగా రాజకీయం వాటిని ఒకదాని మీదికి మరొకదాన్ని ఎగదోస్తూ వచ్చింది. ప్రజల డబ్బుతో కొనడం కూడా పరిపాలనే. పంచడానికి పండుగ వేదికలున్నాయి, ఫ్లెక్సీలున్నాయి, మంత్రులున్నారు. కొనడానికి మాత్రం వ్యవధి తెలిసిన, పోగు తెలిసిన, మాట ప్రకారం చెల్లించే కార్యాలయం ఒక్కటి లేదు. అది వచ్చేదాకా లింబాయత్‌లోని తెలుగు నేతగాడి పిల్లలు సొంత ఊరికి తిరిగి వచ్చే బండి కోసం ఎదురుచూడరు. సిరిసిల్ల పిల్లలే సూరత్ బండి ఎక్కుతూ ఉంటారు.